భీమశంకరం గారి స్టవ్ మీద తాగుడు కేసు

భీమశంకరం గారు జన్మలో చుక్క ముట్టని మనిషి. దగ్గు మందులో కూడా అదేదో కలుస్తుందని ఎవరో చెబితే, ఆనాటి నుంచీ మిరియాల కషాయంతోనే దగ్గుకి సమాధానం చెప్పుకుంటున్నారు. అలాంటి మనిషి చేతుల మీదుగా పుట్టిన స్టవ్ పచ్చి తాగుబోతని ఆ జిల్లా ఎక్సైజ్ శాఖ తేల్చింది. ఇందులో శాఖవారి తప్పేమీ లేదు, నిబంధనలు అలా ఉన్నాయి. స్టవ్ తప్పూ లేదు, దాని పుట్టుక అలా ఉంది. అసలు ఈ గొడవంతా ఎక్కడ మొదలైందని వెనక్కి వెతుక్కుంటూ పోతే ఒక జావ గిన్నె దగ్గర తేలుతుంది.

భీమశంకరం గారు పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య రాజ్యలక్ష్మి జిల్లా ఆసుపత్రిలోనే పోయింది. ఆవిడ పోయింది గాని, ఆయనకి ఆసుపత్రి అలవాటు పోలేదు. సాయంత్రమయ్యేసరికి చేతిసంచీ పట్టుకుని వెళ్ళి సర్జికల్ వార్డు వరండాలో బల్ల మీద కూర్చునేవారు. మందుల చీటీలు చదవలేని వాళ్ళకి చదివి పెట్టేవారు. ఎక్స్‌రే గదికి దారి అడిగితే దారి చెప్పడం కాకుండా అక్కడిదాకా నడిచి వెళ్ళేవారు. మిగిలిన వేళ ఊరికే చూస్తూ ఉండేవారు. నర్సమ్మ గాజులు చప్పుడు కాకుండా మోచేతి పైకి తోసుకుని, నిద్రపోతున్న ముసలాయన దుప్పటి సర్దడం లాంటివి ఆయన కంట పడేవి. ఇంటికి వెళ్ళి, మధ్యాహ్నం వండుకున్న చారూ అన్నం చల్లగానే తిని, వాటిని తలుచుకుంటూ పడుకునేవారు.

ఆ వరండాలోనే ఆయనకి నూకాలమ్మ కనిపించింది. మొగుడు సింహాద్రి కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి జారి దవడ విరగ్గొట్టుకున్నాడు. డాక్టర్లు పళ్ళకి తీగలు కట్టి నోరు బిగించేశారు. పళ్ళ సందుల్లోంచి జారే పల్చటి జావ తప్ప లోపలికి మరేమీ పోదు. అదీ వేడిగా ఉంటేనే. చల్లగా తగిలితే తీగలు జివ్వుమని, ఆరడుగుల మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని గోడవైపు తిరిగిపోయేవాడు.

“గేటు బయట టీ కొట్టాయన కాసే ఇత్తాడండి, దేవుడిలాంటోడు,” అంది నూకాలమ్మ. “గేటుకాడ పాసు సూపించాలి, లిప్టుకాడ నిలబడాలి, వార్డుకాడ మళ్ళీ పాసు సూపించాలి. ఇయన్నీ అయ్యేతలికి సల్లారిపోతందండి. ఈయనేమో ముద్ద ముట్టకుండా ఎండిపోతన్నాడు. దవడ అతుక్కునేలోపు మనిషుండాలి కదండీ?”

వార్డులో గ్యాసు నిషిద్ధం. కిరసనాయిలు నిషిద్ధం. ప్లగ్గులో హీటరు పెడితే వార్డు మొత్తం చీకటవుతుంది కాబట్టి అదీ నిషిద్ధమే. భీమశంకరం గారు ఆ రాత్రి చల్లటి చారు తింటూ ఆగిపోయారు. రాజ్యం కూడా చివరి రోజుల్లో వేడి చారు అడిగింది. ఇంటి నుంచి క్యారేజీలో ఎంత పరిగెత్తుకుని తెచ్చినా గోరువెచ్చనే అయ్యేది. “బావుంది లెండి,” అనేది ఆవిడ, ఒక గుక్క తాగి గిన్నె పక్కన పెట్టేస్తూ.

మర్నాడే ఆయన డ్రాయింగు బల్ల దులిపారు.

స్పిరిట్‌తో వెలిగే చిన్న బల్ల స్టవ్. పొగ రాదు, మసి పట్టదు, ఊదక్కర్లేదు. పాఠంలో చెప్పడం తేలిక, చెయ్యడం కాదు. మొదటిది మూతికి మించి మంట లేపి ఆయన కుడి కనుబొమ్మ తీసుకుపోయింది. రెండోది తొణికింది. మూడో దాంట్లో ఇత్తడి గిన్నె నిండా గాజు ఉన్ని కూరారు. స్పిరిట్ అందులో ఇంకిపోతుంది గనక బోర్లా పడినా ఒలకదు. అడుగు వెడల్పు చేసి, అంచు చుట్టూ చిల్లులు పెట్టి, ఆర్పడానికి బిగుతైన మూత చేశారు. ఇక ఒక్క చిక్కు మిగిలింది. స్పిరిట్ మంట పగటివేళ కంటికి కనపడదు, ఆరిపోయిందనుకుని చెయ్యి పెడతారు. చాలా ఆలోచించి చిటికెడు ఉప్పు కలిపారు. మంట పసుపుపచ్చగా, బుద్ధిగా కనిపించింది. ఆ వేళ ఆయన, ఇంట్లో మరెవరూ లేకపోయినా, “రాజ్యం, చూశావా!” అని పైకే అన్నారు.

పాలిటెక్నిక్ లేబొరేటరీ వాళ్ళు ఇచ్చిన సీసాడు స్పిరిట్ పుణ్యమా అని సింహాద్రి వారం రోజులు వేడి జావ తాగాడు. బుగ్గల్లో గుంటలు పూడడం మొదలైంది. సీసా అయిపోయింది. ఆసుపత్రి సూపరింటెండెంట్ గారు స్టవ్ ని తిప్పి తిప్పి చూసి, “వస్తువు బావుంది మాస్టారూ. స్పిరిట్‌కి మాత్రం ఎక్సైజ్ వాళ్ళ అనుమతి తెచ్చుకోండి, మాకు అభ్యంతరం లేదు,” అన్నారు.

అప్పుడే ఆ జిల్లాలో ‘మత్తు లేని జిల్లా’ ఉద్యమం ఉధృతంగా సాగుతోంది. మద్యసారం ప్రతి చుక్కా చివరికి ఎవరిలోకి చేరుతుందో ప్రభుత్వానికి తెలిసి తీరాలన్నది ఉద్యమం సారాంశం. ఎవరి దగ్గర ఆ చుక్క అంతమవుతుందో వారిని ‘తుది వినియోగి’ అంటారు. తుది వినియోగికి ఫోటోతో కార్డు ఇస్తారు.

ఎక్సైజ్ సూపరింటెండెంట్ పీతాంబరరావు గారు భీమశంకరం గారిని సాదరంగానే కూర్చోబెట్టారు. ఆయన తన బల్ల మీద స్టవ్ ని పెట్టించుకుని, అధికారి అధికారిని చూసినట్టు దాన్ని కాసేపు చూశారు.

“చాలా సంతోషం. తుది వినియోగిగా మీ పేరు రాసేస్తాను. రెండు నిమిషాల పని.”

ఇక్కడ భీమశంకరం గారు తల ఊపి ఉంటే ఈ కథ లేదు. కాని ఆయన ముప్పై ఏళ్ళు పిల్లల జవాబు పత్రాలు దిద్దిన మనిషి. తప్పు కంట పడితే ఎర్ర సిరా కోసం చెయ్యి వెతుక్కుంటుంది.

“నా పేరెందుకండీ? నేను చుక్క ముట్టను. స్పిరిట్ అంతా ఖర్చయ్యేది స్టవ్ లోనే.”

“అంటే తుది వినియోగి...”

“స్టవ్వేనండీ.”

పీతాంబరరావు గారు కలం మూత పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు. “నా సర్వీసులో ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదు మాస్టారూ. అందరూ ‘నాకు కాదు, స్నేహితుడికి’ అంటారు. మీ స్నేహితుడు నిజంగానే ఎదురుగా ఉన్నాడు. సరే, వివరాలు చెప్పండి. తండ్రి పేరు?”

“స్టవ్ కి తండ్రేమిటండీ?”

“ఆ గడి నిండకపోతే కంప్యూటరు ముందుకి కదలదు. ఎవరి మూలంగా పుట్టిందో చెప్పండి, చాలు.”

“నా మూలంగానే.”

“తండ్రి, భీమశంకరం. నివాసం, తండ్రి వద్ద. పుట్టిన తేదీ?”

“మొన్న శివరాత్రికి పూర్తయింది.”

పీతాంబరరావు గారి చెయ్యి గాలిలో ఆగిపోయింది. “మొన్న శివరాత్రికా? ఏడాదైనా నిండలేదన్నమాట!” ఆయన లేచి నిలబడ్డారు. “మాస్టారూ, చదువుకున్నవారు, పిల్లలకి పాఠాలు చెప్పినవారు. మైనరు చేత, కన్నబిడ్డ చేత, స్వహస్తాలతో పోసి తాగిస్తున్నారా?”

“అది తాగకపోతే పని చెయ్యదండీ,” అన్నారు భీమశంకరం గారు.

“అందరు తండ్రులూ ఆ మాటే అంటారు,” అన్నారు పీతాంబరరావు గారు బాధగా.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ బలభద్రం ఇద్దరు కానిస్టేబుళ్ళతో సర్జికల్ వార్డు వరండాకి దిగాడు. లేబొరేటరీ వాళ్ళు జాలిపడి ఇచ్చిన అడుగుబొడుగు స్పిరిట్ తో నూకాలమ్మ జావ కాస్తోంది. బహిరంగ ప్రదేశంలో పట్టపగలు తాగి మండుతున్న స్థితిలో ముద్దాయి దొరికిపోయింది. బలభద్రం బ్రెత్ అనలైజర్ తీశాడు.

“ఊదమనండి.”

“అది ఊదదు బాబూ,” అన్నారు భీమశంకరం గారు.

“ముద్దాయి సహకరించుట లేదు,” అని కానిస్టేబులు చేత రాయించి, బలభద్రం గొట్టాన్ని తనే చిల్లుల దగ్గర పెట్టాడు. అంకెలు పైపైకి పరిగెత్తి, యంత్రం కుయ్యిమని ఆగిపోయింది. కానిస్టేబుళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. ఇంతమందిని పట్టుకున్నారు గాని, యంత్రాన్ని ఓడించినవాడు ఇంతవరకూ తగల్లేదు.

“బాబూ, తాగినోళ్ళని నేను శానామందిని సూశాను,” అంది నూకాలమ్మ గరిటె చేత్తో. “మా మావగోరూ తాగుబోతే. తాగినోడు తూలతాడు, తిడతాడు, గిన్నెలు తన్నేత్తాడు. ఇది సూడండి, నెత్తిన గిన్నె పెట్టినా కదలకుండా నిలబడింది. దీన్ని కాదు తీస్కెళ్ళాల్సింది. దారిలో మా ఊరుంది, పదండి, నేను సూపిత్తాను ఎవర్ని తీస్కెళ్ళాలో.”

“అమ్మా, తాగి తూలకపోవడం మరీ ప్రమాదం. అది పాత అలవాటుకి గుర్తు,” అన్నాడు బలభద్రం. జావ గిన్నె మర్యాదగా దించి నూకాలమ్మకి ఇచ్చి, స్టవ్ ని చల్లారనిచ్చి, జీపు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. ఆ రాత్రి సింహాద్రి మళ్ళీ గోడవైపు తిరిగాడు.

వయసు విషయం ముందు తేలాలి. ఎందుకంటే మైనరైతే తండ్రి మీద కేసు, మేజరైతే స్టవ్ మీదే కేసు. వయసు తేల్చడానికి చట్టంలో ఒకే దారి ఉంది, ఎముకల ఎక్స్‌రే. ముగ్గురు డాక్టర్ల మండలి కూర్చుంది. స్టవ్ ని పడుకోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి, పక్కకి తిప్పి ఒకటి తీశారు. ఎముకలు కనపడలేదు. కనపడలేదని రాస్తే మండలి ఎందుకు కూర్చున్నట్టు? బాగా చర్చించి, ‘శరీర నిర్మాణమున ఇకపై పెరుగుటకు అవకాశమున్నట్లు ఎట్టి ఆధారమునూ లేదు. ఎదుగుదల సంపూర్ణమైనది. కావున మేజరు’ అని నివేదిక ఇచ్చారు. భీమశంకరం గారి మీద కేసు కొట్టేశారు. పీతాంబరరావు గారు లేచి వచ్చి చేతులు పట్టుకుని, “పెద్దవాడైపోయాడు మాస్టారూ. ఇక వాడి మంచిచెడ్డలు వాడివే. మీరు బాధపడకండి,” అని ఓదార్చారు.

“నా బాధ అది కాదండీ. వార్డులో ఒకతను జావ తాగడం లేదు. దాన్ని ఒక్క పూటైనా...”

“విషయం పరిశీలనలో ఉంది,” అన్నారు పీతాంబరరావు గారు.

విచారణ జిల్లా మత్తు నిరోధక కమిటీ ముందు జరిగింది. ఉదయం ఇస్తే ఉదయం, సాయంత్రం ఇస్తే సాయంత్రం, ఎంత పోస్తే అంతా, నీళ్ళు కలపకుండా, ఏనాడూ వద్దనకుండా పుచ్చుకున్నట్టు సాక్ష్యం రుజువైంది. అడిగిన ఏ ప్రశ్నకీ ముద్దాయి జవాబివ్వలేదు. ‘ఇకపై ముట్టనని హామీ ఇస్తే హెచ్చరించి వదిలేస్తాం’ అని కమిటీ రెండుసార్లు అవకాశం ఇచ్చింది. నిశ్శబ్దం.

“పశ్చాత్తాపం లేశమైనా కనబడుటలేదు,” అన్నారు ఒక సభ్యులు.

అప్పుడు పీతాంబరరావు గారు మాట్లాడిన తీరుకి హాలు చప్పట్లతో మారుమోగింది. “శిక్షించుట మన ధ్యేయం కాదు. సంస్కరించుట మన ధ్యేయం. రోగిని ద్వేషించరాదు, రోగాన్నే ద్వేషించాలి. ఇందుమూలముగా ఈ వ్యసనపరుని జిల్లా ఆసుపత్రి మద్య విముక్తి విభాగంలో చేర్పించి, పూర్తిగా మానే వరకు చికిత్స చేయించవలసినదిగా తీర్మానిస్తున్నాను.”

మద్య విముక్తి విభాగం సర్జికల్ వార్డుకి పక్క గదే. మధ్యలో ఒక తలుపు, ఆ తలుపుకి గొళ్ళెం కూడా సరిగా పడదు. ఆ విభాగానికి పెద్ద డాక్టర్ షంషాద్ బేగం గారు. ఏళ్ళ తరబడి తాగుబోతుల మాటలూ వాళ్ళ పెళ్ళాల మాటలూ వినీ వినీ, ఎవరేం చెప్పినా ముఖంలో గీత కదలనివ్వని మనిషి. తీర్మానం చదివి, కానిస్టేబులు చేతిలో స్టవ్ ని చూసి, “మంచం అక్కర్లేదు, స్టూలు చాలు,” అన్నారు. పేరూ, తండ్రి పేరూ రాసిన చీటీ స్టవ్ పిడికి కట్టించారు. వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడిన భీమశంకరం గారిని లోపలికి పిలిచారు.

“తండ్రిగారు మీరేనా?”

“అలా రాశారమ్మా,” అన్నారు ఆయన తల వంచుకుని.

“ఒక సంగతి చెప్పండి మాస్టారూ. దీనికి స్పిరిట్ ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుంది?”

“ఆరిపోతుందమ్మా.”

“మళ్ళీ లేవదా?”

“స్పిరిట్ పోసే వరకూ లేవదు.”

బేగం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. “అదీ సంగతి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వచ్చే కేసు. ఇలాంటివాళ్ళకి హఠాత్తుగా మాన్పించకూడదు. మోతాదు కొంచెం కొంచెం తగ్గిస్తూ రావాలి. ఆసుపత్రి స్టోరు నుంచి, డాక్టరు పర్యవేక్షణలో.” ఆవిడ కాగితం మీద రాస్తూ, “పొద్దున్న ఒక మోతాదు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. రోగి కోలుకోవడానికి చేతికి పని కూడా ఉండాలి. తీరిగ్గా కూర్చోబెడితే మనసు పాత దారి పడుతుంది. ఏ పని బాగా చేస్తుంది?” అని అడిగారు.

భీమశంకరం గారు ఆవిడ ముఖంలోకి చూశారు. ముఖంలో గీత కదల్లేదు. అయినా ఆయనకేదో కనిపించింది. నర్సమ్మ గాజులు మోచేతి పైకి తోసుకున్నప్పుడు కనిపించినటువంటిదే.

“జావ కాస్తుందమ్మా,” అన్నారు.

“బావుంది. చికిత్సలో భాగంగా జావ కాయించండి. రోగి దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, అది మా నియమం. ఎవరున్నారు?”

తలుపు అవతలి నుంచి అప్పటికే గిన్నె చప్పుడు వినిపిస్తోంది. “నేనున్నానండి!” అంది నూకాలమ్మ.

మొదట్లో జావ ఒక్కటే. తరవాత ప్రసూతి వార్డు నుంచి పాలు వచ్చాయి. కంటి ఆపరేషన్ అయిన ఒకాయన అత్తగారు చారు తెచ్చింది. మద్య విముక్తి విభాగంలో ఉన్న రోగులు కూడా, చేతులు వణుకుతూ నిద్ర పట్టనివాళ్ళు, చుట్టూ కూర్చుని పాలు వేడి చేసుకునేవారు. వాళ్ళలో ఒకడు, లారీ నడిపే పోలినాయుడు, స్టవ్ వంక చూసి, “నీకు రోజూ మూడు పూటలా పోయిస్తున్నారు, మాకేమో పాలు. ఏం చేసుకున్నావురా పుణ్యం!” అనేవాడు. ఇంటి నుంచి వాడికి వచ్చిన బత్తాయిల్లో ఒకటి స్టూలు మీద స్టవ్ పక్కన పెట్టి పడుకునేవాడు.

నెలాఖరుకి పీతాంబరరావు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఉద్యమ నివేదికలో ఈ కేసు మొదటి పేజీలో రావాలని ఆయన కోరిక. పొద్దుటి నుంచి జీపులో ఊళ్ళు తిరిగి వచ్చారు. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ మూత కూడా తియ్యలేదు. వెనకాల బలభద్రం దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

“పురోగతి?”

“నిజాయితీ గల రోగి,” అన్నారు బేగం గారు. “దాచుకుని తాగడం లేదు, ఇంట్లో సామాను అమ్మడం లేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. కాని అలవాటు బలమైనది. మోతాదు తగ్గిస్తే నీరసపడుతున్నాడు.”

“మానిపించాలి డాక్టరమ్మా. పై నుంచి ఒత్తిడి ఉంది. నెల దాటకుండా డిశ్చార్జి చేసి, మానేసినట్లు ధ్రువపత్రంతో, పూలదండతో ఫోటో...”

భీమశంకరం గారు మధ్య తలుపు వైపు చూశారు. మానేసిన స్టవ్ అంటే ఇత్తడి గిన్నె. పక్క గదిలో సింహాద్రి నోటి తీగలు విప్పడానికి ఇంకా గడువుంది.

“అయ్యగోరూ, మీరు ఇంకా తిన్నట్టు లేరు,” అంది నూకాలమ్మ మధ్యలో. “ఆ కేరేజీ ఇలాగ ఇవ్వండి.”

“చారన్నమే అమ్మా. చల్లారిపోయుంటుంది. ఈ ఉద్యోగంలో అలవాటే.”

“సల్లది తినకూడదండి. ఇలా తెండి, ఇది సిటికెలో సెగ పెట్టేత్తాది. దీని సాయంత్రం మందు ఎలాగూ ఇచ్చే ఏళయ్యింది.”

ఆవిడ పీతాంబరరావు గారి కళ్ళెదుటే స్పిరిట్ పోసి, అగ్గిపుల్ల గీసి, చారు గిన్నె పైన పెట్టింది. చిల్లుల చుట్టూ పసుపుపచ్చటి మంట లేచింది. ఇంగువ వాసన గదంతా తిరిగింది. ఆవిడ గ్లాసులో పోసి ఇస్తే పీతాంబరరావు గారు ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. స్టూలు పక్కన రోగుల బెంచీ మీద కూర్చున్నారు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, జిల్లాలో మత్తు ఉందో లేదో మరిచిపోయిన మనిషిలా కాసేపు అలాగే ఉండిపోయారు.

అంతలో నూకాలమ్మ అదే మంట మీద జావ కాచి పక్క గదిలోకి తీసుకువెళ్ళింది. రెండు నిమిషాలకి అవతలి నుంచి, బిగించిన పళ్ళ సందుల్లోంచి, దవడ విరిగాక సింహాద్రి మాట్లాడిన మొదటి మాట వినిపించింది.

“కాలిందే!”

“కాలిందా! కాలిందంటండి, డాక్టరమ్మా! కాలిందంటన్నాడు!” నూకాలమ్మ నవ్వుతూ ఏడుస్తూ తలుపులోంచి తొంగిచూసింది. “ఇన్నాళ్ళకి మాట్లాడి, అదీ నన్ను తిట్టడానికే!”

పీతాంబరరావు గారు గ్లాసు కింద పెట్టారు. గొంతు సవరించుకున్నారు. “డాక్టరమ్మా, వ్యసనం అనేది చిత్తశుద్ధితో, సహనంతో ఎదుర్కోవలసిన సమస్య. తొందరపడి డిశ్చార్జి చేసిన కేసులు మళ్ళీ మొదటికి వచ్చిన అనుభవం శాఖకి ఉంది. పూర్తిగా మానేవరకు అన్నాం గాని, ఎప్పటిలోగా మానాలో తీర్మానంలో గడువు లేదు. చికిత్స కొనసాగించండి.”

“మోతాదు?”

పీతాంబరరావు గారు ఆలోచించారు. “తగ్గించే విషయం పరిశీలనలో ఉంది,” అన్నారు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, భీమశంకరం గారి భుజం మీద చెయ్యి వేశారు. “మీవాడు చెడ్డవాడు కాదు మాస్టారూ. సావాసం కుదిరింది.”

సాయంత్రం రౌండ్సుకి వచ్చిన బేగం గారు వరసగా రోగుల్ని చూసుకుంటూ స్టూలు దగ్గరికి చేరారు. పిడికి కట్టిన చీటీ చూశారు. మంట చూశారు.

“ఎలా ఉందమ్మా?” అన్నారు భీమశంకరం గారు, అప్పటికి అలవాటైపోయిన తండ్రి గొంతుతో.

“మార్పేం లేదు,” అన్నారావిడ. రాసుకుని ముందుకి వెళ్ళిపోయారు.

ఒకప్పుడు ఈ ఆసుపత్రిలోనే, రాజ్యం మంచం పక్కన, ఆ మాట రోజూ వినేవారాయన. విన్నాక ఇంటికి వెళ్ళి, కంచం ముందు కూర్చుని లేచిపోయేవారు. ఇవాళ అదే మాట విని, చేతిసంచీలోంచి మధ్యాహ్నం చారు గిన్నె బయటికి తీశారు. పోలినాయుడి పాల వెనక, ప్రసూతి వార్డు పాల వెనక నిలబడి, తన వంతు వచ్చేదాకా మూత తియ్యకుండా పట్టుకున్నారు.